కెమెరా మీద నా అరచెయ్యి

మా అమ్మాయితో చదువుకున్న ఇండోనేషియా పిల్ల రత్న పోయిన ఏడాది ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చింది. వద్దనకుండా నవ్వుతోంది కదా అని మూడో సంగటి ముద్ద కూడా వడ్డించాను. పాపం, తినలేక తినలేక తిన్నది. తర్వాత మా అమ్మాయి నన్ను కోప్పడింది. "వాళ్ల దేశంలో పెద్దోళ్ల మొహమ్మీద వద్దని చెప్పరంటమ్మా. ఊరికే నవ్వుతారంట."

మర్నాడు గండికోటలో యూట్యూబ్ ఛానల్ అతనొకడు మైకుతో అడ్డమొచ్చాడు. రత్న తలకు చుట్టుకున్న స్కార్ఫు తీసి మాట్లాడాలని సైగ చేశాడు. రత్న నవ్వింది. కానీ వెనక నా కొంగు గట్టిగా పట్టుకుంది.

"నవ్వుతాండాది కదక్కా, ఒప్పుకున్నట్లే. వీడియో శానా మంది చూస్తారు" అంటూ అతను స్కార్ఫు మీదికి చెయ్యి చాపాడు. చుట్టూ జనం ఫోన్లెత్తారు. నాకు ఒళ్లు మండింది. అరచేత్తో కెమెరా మూసేశాను.

"నవ్వింది, సరే అన్లేదు! పోప్పా ఈడ్నుంచి!"

సాయంత్రానికి వీడియో పెట్టేశాడు. అందులో నా అరచెయ్యి, నా అరుపు తప్ప ఏమీ లేవు. కింద ఎవరో "ఈ గయ్యాళి ఎవరు?" అని అడిగారు. మా అమ్మాయి వీడియో తీసేయించమంది. నేనెందుకు తీయిస్తాను? ఆ ప్రశ్న కిందే నా పేరు, మా ఊరి పేరు రాశాను.