నా గడప దాటిపోయిన కుంకుమ పళ్లెం

మా ఊళ్లో పెళ్లికైనా పేరంటానికైనా బొట్టు పెట్టి పిలవాలి. నోటిమాటగా పిలిస్తే పిలిచినట్టే కాదు. మొన్నటి అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఓట్లు అడగడానికీ ఇదే పద్ధతి పట్టుకున్నారు. ముందు కుంకుమ పళ్లెంతో ఆడవాళ్లు, వాళ్ల వెనక డప్పులు, ఆ వెనక అభ్యర్థి. ఆమె కూడా ఆడమనిషే.

ఆ పొద్దు పట్టుదారం చుట్టే పని పక్కన పెట్టి, అరుగు కడుక్కుని కూర్చున్నాను. ఆమెను ఒక మాట అడగాలి. మా పోలింగ్ బూత్ ఇసుక వంకకు అవతలి ఊళ్లో ఉంది. మా ఆయన ఉన్నప్పుడు ఇద్దరం స్కూటర్ మీద పోయి ఓటు వేసి వచ్చేవాళ్లం. ఆయన పోయాక వచ్చిన ఎన్నికలకు నన్ను తీసుకుపోయేవాళ్లే లేకపోయారు. ఆ సాయంత్రం వీధిలో అందరి వేళ్లకూ సిరా ఉంది, నా వేలికి లేదు. నన్ను కూడా చచ్చినవాళ్లలో జమకట్టినట్టు అనిపించి ఏడ్చాను. ఈసారి మాత్రం ఎట్లాగైనా ఓటు వేసి తీరాలనుకున్నాను.

పక్కింటామెకు బొట్టు పెట్టారు. నా అరుగు దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పట్టుకున్నామె చూపు తిప్పుకుని అవతలి ఇంటికి నడిచింది. మొగుడు పోయినదానికి బొట్టెట్లా పెడతారు? బొట్టు పెట్టకుండా ఎట్లా అడుగుతారు? అందుకని నా ఓటునే వదిలేశారు మహాతల్లులు! నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏమ్మా, యాడికి పోతాండారు? నా మొగుడు సచ్చిపోయినాడు గానీ, నా ఓటు సచ్చిపోయిందా?” అని అరిచాను.

డప్పులు ఆగిపోయాయి. అభ్యర్థి వెనక్కి వచ్చింది. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పినామె, నాకంటే కాస్త చిన్నది. పళ్లెంలో వేలు ముంచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లను ఒకసారి చూసింది. ఆ వేలు కొంగుకు తుడుచుకుని, నాకు రెండు చేతులూ జోడించింది.

“తప్పయిపోయిందక్కా” అంటూ నా పక్కన కూర్చుంది.

“ఆ బూత్ ఈడికి రావల్ల. వంక దాటేకి నాకు మోకాళ్లు లేవు” అన్నాను.

“అది ఆఫీసర్ల చేతిలో ఉండాదక్కా. నేను గెలిచినా ఓడినా అర్జీ పెడతా. వంక మీద కల్వర్టు కూడా అడుగుతా. కానీ మొదటి ఏడాదే అయితాదని చెప్పలేను. బడ్జెట్లో ఉండే దుడ్లు ముందు తాగే నీళ్లకు పెట్టల్ల గదా.”

“ఓట్లడిగేకి వచ్చి ఇంత నిజం చెప్తే ఎట్లమ్మా? రోంతన్నా అబద్ధమాడు!”

ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నా అరుగు మీద ఇద్దరు మనుషులు కూర్చుని నవ్వి ఎన్నాళ్లయిందో! దుడ్ల సంగతి అంత ధైర్యంగా చెప్పినామె, చిటికెడు కుంకుమ నాకు పెట్టలేకపోయింది. ఆమెకూ ఓట్లు కావాలి కదా. డప్పులు మళ్లీ మోగాయి. ఆమె లేచి వెళ్లిపోయాక ఇల్లు మునుపటికంటే బోసిగా అనిపించింది.

ఓట్ల రోజు జనాన్ని బూత్‌కు చేర్చడానికి ఆమె పార్టీవాళ్ల ఆటో వచ్చింది. అందరికంటే ముందే పోయి నిలబడ్డాను.

“నువ్వు ఇంకో ట్రిప్పుకు రా పెద్దమ్మా. మొదటి ట్రిప్పే నీతో ఎందుకు?” అన్నాడు ఆటోవాడు.

ముండమోపి ఎక్కితే పార్టీయే మునిగిపోతుంది కాబోలు! “నీ ఆటోలో నువ్వే ఊరేగప్పా” అని కర్ర పట్టుకుని నడిచాను. వంకలో ఇసుక కాలిపోతోంది. సగం దూరం పోయి కంపచెట్టు నీడలో కూలబడ్డాను. “చూసినావా, నువ్వుంటే నాకీ కర్మ ఉండునా?” అని పోయిన మనిషిని తిట్టుకున్నాను. ఎంత తిట్టినా పలకడు కదా. లేచి మళ్లీ నడిచాను.

బూత్‌లో సిరా పెట్టే అమ్మాయి నా ఎడమచెయ్యి పట్టుకుంది. నా నుదుటి వైపు చూడనే లేదు. నిదానంగా, గోటి మీదికి వచ్చేలా గీత గీసింది. మా ఆయన పోయినప్పటినుంచి ఇంకో మనిషి నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మండుతాందా అమ్మా?” అంది ఆ పిల్ల.

ఇంకొంచెంసేపు పట్టుకో తల్లీ అందామనుకున్నాను. వెనకవాళ్లు తొందరపెడుతున్నారు. మిషన్ దగ్గరికి పోయి, బొట్టు పెట్టలేకపోయినా నా పక్కన కూర్చుంది కదా అని ఆమె గుర్తే నొక్కాను.