కూర్చోమనేదాకా

మా ముత్తాత నర్సంపేట దిక్కున మూడు ఊళ్లకు మాలీపటేలు. ఆ ఊళ్ల శిస్తు వసూలంతా ఆయన చేతిమీదుగానే జరిగేది. ఆ పదవి పోయాక కూడా మా తాత చుట్టుపక్కల అందరికీ దొరే. మా నాన్న వరంగల్‌లో ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి బతికాడు. అయినా ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటలేదు. ఇంటి బాధ బయట చెప్పుకోవడం మాలో తప్పు. ఆ తప్పు చేయకుండానే పద్నాలుగేళ్లు కాపురం చేశాను.

నా భర్త నన్ను ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేసేవాడు. ఎందుకో చెప్పడు. అమ్మతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడానా? ఆయన స్నేహితుల ముందు గట్టిగా నవ్వానా? వారం వెతుక్కుని ఏదో ఒక తప్పు ఒప్పుకునేదాన్ని. అప్పుడు ఆయన మొహం విచ్చుకునేది. బండి మీద ఎక్కించుకుని హన్మకొండ చౌరస్తాకు తీసుకెళ్లి వేడి మిర్చీలు తినిపించేవాడు. "దొరసానీ, జర నవ్వరాదూ" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఎన్ని చేయని తప్పులు ఒప్పుకున్నానో. అదంతా ఓర్చుకోవడమే మా వంశపు మర్యాద అనుకున్నాను.

ఒక ఆదివారం ఆయన అక్క మరిపెడ నుంచి వచ్చింది. అప్పటికి ఆయన నాతో మాట్లాడక ఆరు రోజులు. అలాంటి రోజుల్లో ఆయన "కూసో" అనేదాకా కూర్చోకపోవడం నాకు ఎప్పుడు అలవాటైందో తెలియదు. ఇద్దరికీ వడ్డించి, నా కంచం పట్టుకుని నిలబడ్డాను.

"ఏంది మరదలా, గట్ల నిలబడ్డవ్? కుర్చీల ముండ్లున్నయా?" అంది ఆమె.

"ఏం లేదు వదినా, మీరు తినుండ్రి."

"ఏమ్రా తమ్మీ, దొరల బిడ్డను తెచ్చి గిట్ల నిలవెడ్తవా?"

"నేనేమన్న కూసోవద్దన్ననా?" అన్నాడు ఆయన పప్పు వేసుకుంటూ. "ఆమెకే గట్ల ఇష్టం."

నిజమే, వద్దనలేదు. మా తాత కూడా ఎవరినీ నిలబడమని అనలేదు. ఆయన అరుగు మీద వక్క కత్తిరించుకుంటూ ఉంటే, పనిబడి వచ్చినవాళ్లు చెప్పులు చేత పట్టుకుని ఎండలో నిలబడేవారు, ఆయన తల తిప్పేదాకా. చిన్నప్పుడు నేను పక్కన పీట మీద కూర్చుని జామకాయ తినేదాన్ని. వాళ్ల కళ్లలో భయంతో పాటు ఒక ఆశ కూడా కనిపించేది, ఈ రోజు దొర మంచిగా ఉంటాడేమోనని. అది ఎలాంటి ఆశో ఇన్నేళ్లకు కంచం పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నా తప్పేందో చెప్పుండ్రి. ఉంటే సరిచేసుకుంట. చెప్పకుంటే ఇగ నేను అడుగ."

ఆయన కంచంలోనే చెయ్యి కడిగాడు. "చూసినవా అక్కా, దొరల పొగరు" అని బయటికి వెళ్లిపోయాడు.

వదిన నా వీపు మీద చెయ్యి వేసింది. "మా నాయిన గూడ గిట్లనే ఉండె. మా అమ్మ బతుకంత బతిమాలుకుంటనే పోయింది," అంది. పెళ్లయ్యాక ఇంకో మనిషి ముందు ఏడవడం నాకు అదే మొదలు.

నెల గడిచింది. ఆయన మాట్లాడలేదు, నేను అడగలేదు. గెలిచినట్టేమీ అనిపించలేదు. సాయంత్రం బండి చప్పుడు వినగానే ఇవాళ మాట్లాడతాడేమోనని గుమ్మం వైపు చూసేదాన్ని. చివరికి నేను సూట్‌కేసు సర్దుకుంటుంటే ఆయన ముందు గదిలో టీవీ చూస్తున్నాడు. సౌండు కూడా తగ్గించలేదు. ఒక్క మాట అని ఉంటే ఆగేదాన్నేమో. అది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇప్పుడు హన్మకొండలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా వాళ్ల భూమిలో చివరికి నా పేరున మిగిలిన ఎకరన్నర అమ్మి ఈ ఇల్లు కొన్నాను.