గుండుసూది గుచ్చిన పేజీలు

మా పెద్దపిల్లని మూడో క్లాసు మధ్యలో బడి మాన్పించాం. క్లాసులో లేచి పాఠం చదవమంటే దానికి నోరు పెగిలేది కాదు. పెగలకపోతే బెంచీ ఎక్కించేవారు. పుస్తకం చూస్తేనే వాంతులయ్యే దాకా వచ్చాక, ఇంక చాలని ఇంట్లో కూర్చోబెట్టాను. తమ్ముడూ అక్కతోపాటే ఇంట్లో ఉండిపోయాడు. మల్కాజ్‌గిరిలో మా వీధివాళ్లకి ఇదో వింత. మా ఆయన బేగంపేటలో ఆఫీసుకి వెళ్లేవారు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకటే అన్నారు: "జూన్ దాకా చూద్దాం. అప్పటికి తనంతట తాను ఒక్క పుస్తకమైనా చదవకపోతే మళ్లీ బళ్లో వేసేద్దాం."

అప్పట్నుంచి జూన్ అంటే నాకు భయం పట్టుకుంది.

నాకు తెలిసిన వైద్యం పైకి చదివి వినిపించడమే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టి చదివేదాన్ని. నేను పెరిగిన ఇంట్లో పైకి చదివే పుస్తకం బైబిలు ఒక్కటే. అందుకని నా గొంతుకి వేరే తీరు తెలియదు. కుందేలు కథైనా కుటుంబ ప్రార్థనలాగే సాగేది. మావాడు చేతులు కట్టుకుని కళ్లు మూసుకునేవాడు, కథ అవగానే "ఆమెన్" అనేవాడు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. పెద్దది మాత్రం గోడకి ఆనుకుని ఫ్యాను వంక చూస్తుండేది.

చదవడం ఒక ఎత్తు, పుస్తకాలు ఏరడం ఒక ఎత్తు. ఆదివారం చర్చి అయ్యాక అందరినీ ఇంటికి లోకల్ రైలెక్కించి, నేను మోండా మార్కెట్ దగ్గర పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల ముందు చతికిలబడేదాన్ని. ఇంగ్లీషు పుస్తకాల నిండా మంచు, మా పిల్లలు ఎన్నడూ తినని తిండి. ప్రతి వాక్యానికీ ఆగి అర్థం చెప్పాలి. తెలుగువాటిలో సగం ఏ పిల్లలూ మాట్లాడని తెలుగు, మిగతా సగం చివర్లో చెంప ఛెళ్లుమనిపించే నీతి. బాగుంది కదా అనుకుంటే అందులో దెయ్యమో మంత్రగత్తో ఉంటుంది. అవి మా అత్తగారు గడప దాటనివ్వరు. "ప్రార్థన చేసుకునే ఇల్లమ్మా ఇది, ఆ పీడలన్నీ మనకెందుకు?" అనేవారు. ఆవిడకి దెయ్యాల భయమైతే నాకు చావుల భయం. అసలే బెదిరిన పిల్ల, కథలో ఎవరైనా చచ్చిపోతే తట్టుకుంటుందా?

అందుకని కొనకముందే మొత్తం చదివేదాన్ని. "ఏందమ్మా, పుస్తకమంత ఈడనే చదువుతవా? జెర పక్కకు జరుగు, గిరాకీ వస్తున్నరు" అని అమ్మే మనిషి కసిరేవాడు. ఆ ఎండలో లేచి పక్కకు జరగడానికి కూడా నాకు ఓపిక ఉండేది కాదు.

ఎంత ఏరినా ఏ మచ్చా లేని పుస్తకం దొరకదు కదా. చివరికో ఉపాయం పట్టాను. దెయ్యాలు, చావులు వచ్చే పేజీలన్నీ కలిపి గుండుసూది గుచ్చేసేదాన్ని. చదువుతూ అక్కడికి రాగానే దాటేసి, నా సొంత మాటలతో అతుకు వేసేదాన్ని.

ఎండలు ముదిరాయి. పెద్దది ఫ్యాను వంక చూస్తూనే ఉంది. వంట, లెక్కలు, అత్తగారి మందులు, మళ్లీ పుస్తకాలు. నా గొంతు బొంగురుపోయింది. బళ్లో వేసేస్తే ఒక్క మధ్యాహ్నమైనా కాసేపు నడుం వాల్చొచ్చు కదా అని కూడా అనిపించేది.

అలాంటి ఒక మధ్యాహ్నం పడవవాడి కుక్క కథ చదువుతున్నాను. రాత్రి వరదొస్తుంది, కుక్క యజమానిని ఒడ్డుకి లాగి తను కొట్టుకుపోతుంది. ఆ పేజీలకి సూది ఉంది, దాటేశాను. నిద్ర ముంచుకొస్తోంది, నోటికొచ్చిన అతుకు వేశాను. "పొద్దున్నే కుక్క పెరుగన్నం తిని హాయిగా పడుకుంది."

"అదెలా తింటుందమ్మా?" అంది పెద్దది ఫ్యాను వంక చూస్తూనే. "రాత్రే చచ్చిపోయిందిగా."

నా నిద్ర ఎగిరిపోయింది. "ఎవరు చెప్పారే నీకు?"

"చదివాను. నానమ్మ పడుకున్నాక సూది తీసి చదివి, మళ్లీ పెట్టేస్తా. అన్ని పుస్తకాల్లోవీ అయిపోయాయి. సూది ఉన్నచోటే బాగుంటుందమ్మా."

మావాడు కళ్లు తెరిచి, "కుక్క చచ్చిపోయిందా?" అని బావురుమన్నాడు.

వాణ్ణి ఒళ్లోకి లాక్కుని నేనూ ఏడ్చేశాను. పుస్తకం చూస్తేనే కడుపులో తిప్పే పిల్ల, తనంతట తాను చదువుతోంది. జూన్ గండం గడిచినట్టే. సంతోషమే, కానీ ఒళ్లు మండింది కూడా. ఇన్ని ఆదివారాలు ఏరి ఏరి పెట్టిన బియ్యం దానికి సహించలేదు, నేను పక్కన పెట్టిన రాళ్లే రుచించాయి.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"వేసింది. అందుకే మళ్లీ చదివాను."

పుస్తకం దాని చేతిలో పెట్టి, చాప మీద అక్కడే ఒరిగిపోయాను. "ఇంక నువ్వే ఏరుకో తల్లీ, నావల్ల కాదు" అన్నాను. ఎన్నాళ్లనుంచో ఎవరితోనైనా అనాలనుకుంటున్న మాట అది.