కౌన్సిలర్ నోరీన్‌కు ముందే తెలుసు

నోరీన్ ఆగ్‌డెన్ కౌన్సిలర్ కాకముందు థార్న్‌షా ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించేది. మా ఊళ్ళో ఇప్పుడు నడివయసులో ఉన్నవాళ్ళలో సగంమంది ఆమె గరిటెతో వేసిన బంగాళాదుంప ముద్ద తిని పెరిగినవాళ్ళే. ఎన్నికల్లో నిలబడి తలుపు తడితే, తీసినవాడే ముందు మాట్లాడేవాడు.

"కారెట్లు వదిలేసేవాణ్ణి, గుర్తున్నానా మిస్?"

"గుర్తున్నావు. ఓటు మాత్రం వదిలేయకు."

ఆమె నిలబడింది ఒక్క మార్కెట్ హాలు కోసమే. నూలు మిల్లులు పోయాయి, పెద్ద దుకాణాలు ఊరి బయటి రోడ్డుమీదికి తరలిపోయాయి. ఊరి నడిబొడ్డున మిగిలింది ఇనుప స్తంభాల ఆ పాత హాలొక్కటే. వాన పడితే కొట్ల మధ్య బకెట్లు పెట్టేవారు. అందులో మూల కొట్టు నోరీన్ అన్న క్లిఫర్డ్‌ది. వాళ్ళ నాన్న నాటి నుంచీ చీజ్ వ్యాపారం.

ఊళ్ళ నడిబొడ్డులను బాగుచేసుకోవడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందనగానే కౌన్సిల్ అర్జీ పెట్టింది. నోరీన్ వర్షంలో నిలబడి సంతకాలు సేకరించింది. గ్రాంటు వచ్చిన రోజు బేకరీ ఆమె వచ్చినవాళ్ళందరికీ మాంసం కూరి కాల్చిన పై రొట్టెలు ఊరికే పంచింది. ముందు రాతి పలకలతో పెద్ద చౌక్, చెట్లు, బెంచీలు. తర్వాత హాలు కప్పు. అప్పటిదాకా కొట్లవాళ్ళు బస్టాండు వెనక కార్లు నిలిపే చోట రేకు డబ్బా కొట్లలో వ్యాపారం చేసుకోవాలి. ఒక్క చలికాలం ఓర్చుకోండి, అన్నారు.

ఒక చలికాలం పోయి రెండోది వచ్చింది. రేకుల లోపలివైపు చెమ్మ పట్టి చుక్కలు చుక్కలుగా కారేది. "ఈ డబ్బాలో నాకన్నా నా చీజ్‌కే సుఖంగా ఉంది," అనేవాడు క్లిఫర్డ్.

ఆ చలికాలంలోనే కౌన్సిల్ ఒక సమావేశం తలుపులు మూసి జరిపింది. హాలు కప్పు విప్పి చూస్తే ఇనుమును తుప్పు లోపల్లోపలే తినేసిందట. బాగుచేయడానికి గ్రాంటు చాలదు. పోనీ చౌక్ సొమ్ము ఇటు మళ్ళిద్దామంటే వీల్లేదు. అర్జీలో దేనికి రాశారో దానికే, గడువులోగా ఖర్చుపెట్టాలి. లేకపోతే మొత్తం వెనక్కి పోతుంది. కాబట్టి చౌక్ కట్టేస్తారు, హాలుకు తాళం వేస్తారు. కప్పు పని పట్టిన కాంట్రాక్టరుతో తగువు నడుస్తోంది గనక ఈ మాట గడప దాటకూడదని కౌన్సిల్ న్యాయ సలహాదారు హెచ్చరించాడు. దాటితే ఆ తగువులో ఊరే ఓడిపోతుందన్నాడు.

"మరి కొట్లవాళ్ళకెప్పుడు చెప్తారు?" అని నోరీన్ అడిగింది.

"సమయం వచ్చినప్పుడు," అన్నాడు కౌన్సిల్ నాయకుడు.

వద్దని చెయ్యెత్తితే వచ్చే చౌక్ కూడా పోతుంది. అందరితో పాటు ఆమె కూడా సరేనని చెయ్యెత్తింది.

ఆనాటి నుంచి నోరీన్‌కు సొంత ఊళ్ళో నడవడం కష్టమైపోయింది. ఆడవాళ్ళ సెలూన్‌లో తల తడిపి కుర్చీలో కూర్చోబెట్టి అడిగేవారు. మాంసం కొట్టువాడు కత్తి పక్కన పెట్టి మరీ అడిగేవాడు, "ఏం కౌన్సిలరమ్మా, మన హాలు ఎంతదాకా వచ్చింది?" అని. "పనులు జరుగుతున్నాయి," అనేది. కొన్నాళ్ళకు ఆ ముక్క అనడం తప్పించుకోవడానికి వెనక సందుల్లోంచి తిరగడం మొదలుపెట్టింది.

వసంతంలో ఒక ఆదివారం క్లిఫర్డ్ ఇంట్లో భోజనం. గొర్రె మాంసం వేపుడు, పుదీనా చట్నీ. వదిన విన్నీ వడ్డిస్తుండగా క్లిఫర్డ్ కబురు విప్పాడు.

"కొత్త గాజు కౌంటరుకి ఆర్డరిచ్చేశా. ఫ్రిజ్ దాన్లోనే ఉంటుంది. మూల కొట్టు కొలతలకే చేస్తున్నారు."

"సముద్రం ఒడ్డున క్యారవాన్ ఇల్లు కొంటానని దాచిన డబ్బమ్మా అది," అంది విన్నీ.

"సముద్రం ఎక్కడికీ పోదులేవే."

నోరీన్ ఫోర్కు కింద పెట్టింది. "కొంచెం ఆగరాదూ, క్లిఫ్?"

"ఎందుకాగాలి?"

"ఊరికే. ఇంకా మంచి రకాలొస్తాయేమో."

క్లిఫర్డ్ పగలబడి నవ్వాడు. "చూశావా విన్నీ, మా నోరీన్‌కి రాజకీయం వంటబట్టింది. సూటిగా అడిగితే చుట్టూ తిప్పి చెప్తోంది."

ఆమె తలవంచుకుని ఇంకొంచెం గ్రేవీ వెయ్యమంది.

తర్వాత వంటింట్లో విన్నీ పళ్ళేలు కడుగుతూ, తలెత్తకుండానే అంది: "నీకేదో తెలుసు."

"తెలిస్తే చెప్పనా, వదినా?" అంది నోరీన్. తడి పళ్ళెం తుడుస్తూ, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది.

ఆమె నాయకుడి గదికి వెళ్ళి, కొట్లవాళ్ళకైనా చెవిన వేద్దామని బతిమాలింది. ఇంకొన్నాళ్ళు, అన్నాడు. పదవి వదిలేద్దామనుకుంది. వదిలినా నోరు విప్పకూడదన్న కట్టుబాటు వదలదు, పైగా ఆ గదిలో హాలు మాటెత్తేవాళ్ళు కూడా మిగలరు. ఎటు చూసినా గోడే.

కౌంటరు పని ముగిసిందని, మర్నాడే తెస్తారని విన్నప్పుడు నోరీన్ తిన్నగా రేకు డబ్బా దగ్గరికి నడిచింది. క్లిఫర్డ్ తీగతో చీజ్ చక్రం కోస్తున్నాడు.

"ఆ కౌంటరు వద్దని చెప్పెయ్, క్లిఫ్."

"ఏం?"

"హాలు ఇక తెరవరు."

అతను తీగను చివరిదాకా లాగి, రెండు ముక్కలూ పక్కకు జరిపాడు. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఎవరూ అనకూడదు. నేనూ అనకూడదు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"చలికాలం నుంచి."

"అంటే ఆ ఆదివారం మా ఇంట్లో కూర్చుని తిన్నప్పుడు తెలుసు."

"తెలుసు."

"ఇంకొంచెం గ్రేవీ వెయ్యమని కూడా అడిగావు," అన్నాడు క్లిఫర్డ్. అరవలేదు. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, కౌంటరు వాళ్ళకి ఫోను చేయడానికి బయటికి వెళ్ళిపోయాడు.

డబ్బాల మధ్య ఉన్నది పలచటి రేకు. పక్క డబ్బాలో గుండీలు, దారాలు అమ్మే డోరిస్ పిల్కింగ్టన్ అంతా విన్నది. మధ్యాహ్నానికి అందరికీ తెలిసిపోయింది. సాయంత్రానికి కొట్లవాళ్ళు కౌన్సిల్ మెట్లమీద ఉన్నారు. నోరీన్ బయటికి రాగానే డోరిస్ ఎదురొచ్చింది.

"అన్నకి చెప్పుకున్నావు. మేమేం, దారిన పోయేవాళ్ళమా?"

నోరీన్ మెట్టుమీదే నిలబడి ఆ మాటలు పడింది. నిజమే గనక.

కౌన్సిల్ విచారణ జరిపి ఆమెను కమిటీల్లోంచి తీసేసింది, పార్టీ వెలివేసింది. కాంట్రాక్టరుతో తగువు ఊరికి నష్టంగా తేలింది. మాట బయటికి పొక్కడం వల్లేనన్నాడు నాయకుడు. అవునో కాదో ఎవరికీ తెలియదు కానీ ఆ నింద మాత్రం ఆమెకే అంటుకుంది.

చౌక్ పూర్తయింది. సన్నని చెట్లు నాటారు, నేలలోంచి నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టారు. ప్రారంభం రోజున వాన పడింది, ఏది వాన నీరో ఏది గొట్టాల నీరో తెలియలేదు. వెనక హాలు ముఖానికి చెక్కలు కొట్టి, వాటిమీద బజారు బొమ్మలు వేయించారు. అందులో ఎర్రబుగ్గల చీజ్ కొట్టువాడొకడు నవ్వుతున్నాడు, క్లిఫర్డ్ పోలికే లేదు. క్లిఫర్డ్ ఊరి బయటి సూపర్‌మార్కెట్‌లో కాగితం టోపీ పెట్టుకుని చీజ్ తూస్తున్నాడు. చెల్లెలు ఎదురైతే తల ఊపుతాడు. ఆదివారం భోజనాలకు పిలుపు రాదు. విన్నీ మాత్రం ఎప్పుడైనా ఫోను చేసి వాతావరణం గురించి మాట్లాడుతుంది.

పదవీకాలం ముగుస్తున్నప్పుడు నోరీన్ ఇక నిలబడకూడదనుకుంది. ఆ నెలలో డోరిస్ తలుపు తట్టింది. చేతిలో నామినేషన్ పత్రం ఉంది, కొట్లవాళ్ళు అప్పటికే సంతకాలు చేసేశారు.

"లోపలికి రా డోరిస్."

"రాను. నిన్ను క్షమించామనుకునేవు, అదేం లేదు."

"మరి ఇదేంటి?"

"ఆ తలుపులేసుకుని లోపలేం చేస్తారో నువ్వొక్కదానివే మాకు చెప్పావు. ఆలస్యంగా చెప్పావు, అన్నకి చెప్పావు, అయినా చెప్పావు. మిగతావాళ్ళు అదీ చెప్పలేదు. పో, వెళ్ళి అక్కడే కూర్చో."

"నాకింక ఓపిక లేదు."

"మాకుందా?" అంది డోరిస్.

నోరీన్ గడపలోనే నిలబడి, పత్రాన్ని తలుపు చెక్కకు ఆనించి సంతకం పెట్టింది. ఆ వార్డుకు ఇంకెవరూ పోటీకి రాలేదు. ఓట్లు వేయాల్సిన పని లేకుండానే ఆమె మరో నాలుగేళ్ళకు ఎన్నికైంది. ఆ సంగతి ఆఫీసువాళ్ళు ఫోనులో చెప్పారు. సరేనంది, కోటు తొడుక్కుంది. చౌక్ రాళ్ళమీద ఎవరో ముసలాయన జారిపడ్డాడట, వాళ్ళింటికి వెళ్ళి కనుక్కోవాలి.