ఒకవైపు మసి ఉన్న కంకర రాయి

నిన్న సోలార్ పార్కు రోడ్డులో బండి పంచరైంది. దిగి తోసుకుంటూ పోతుంటే కాలికి ఒక కంకర రాయి తగిలింది. అన్ని వైపులా తెల్లగా పగిలి ఉంది, ఒకవైపు మాత్రం దట్టమైన మసి. చేతిలోకి తీసుకోకముందే తెలిసింది, అది మా వంటింటి పైకప్పు.

పెద్ద రాతిగుండు కింద కట్టుకున్న ఇండ్లలో పెరిగినవాళ్లు మీలో ఎంతమంది మిగిలారో తెలియదు. ముందు మట్టిగోడ, వెనకగోడా కప్పూ అంతా ఒకటే బండ. లోపలికి పోయేకొద్దీ బండ కిందికి వాలేది కాబట్టి చిన్నపిల్లల పడక ఆ మూలనే. గుర్తుందా, ఎండాకాలం వీపు ఆనిస్తే ఎంత చల్లగా ఉండేదో! అక్కడ నిలబడితే తల బండకు తగిలిన రోజు మాకు పండగ. అవ్వ బండ మీద ఆ చోట ఆముదం పూసి, నోట్లో బెల్లం పెట్టి, "పెద్దోడివైనావప్పా, ఇంక ముందుకొచ్చి పండుకో" అనేది. మా నాన్న ఆముదం మరక పక్కనే నాది.

ఆ గుండును ఎవరూ లాక్కోలేదు. అది ఉన్న చేను సోలార్ పార్కుకు కౌలుకిచ్చేటప్పుడు, "బండ మీద ఏం పండుతాది, పగలగొట్టుకోండప్పా" అన్నది నేనే.

రాయి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. బొటనవేలితో రుద్దింది. మసి పోలేదు.

"మిగిలిందంతా యాడుండాదిరా?"

"రోడ్డు కింద అవ్వా."

అవ్వ రాయి కొంగులో కట్టుకుని లోపలి గదిలోకి పోయింది, పదడుగుల ఎత్తున్న సిమెంటు కప్పు కింద, ఎప్పటిలాగే తల వంచుకుని.