ఎద్దుకు ఎదురుగా జయరామప్ప

కుందారపల్లి జయరామప్ప పొలానికి పోయినా మెడలో ఫిల్ము కెమెరా ఉంటుంది. తువ్వాలు అంచుతో లెన్సు తుడిచి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి గాని మీట నొక్కడు. ఎద్దులు పరుగెత్తే పండగలో అక్క కెంపమ్మ ఎద్దును ఫోటో తీసిస్తానని మాటిచ్చాడు. అది దూసుకొస్తుంటే అందరూ గట్టెక్కినా, అతను దారి మధ్యనే మోకాళ్ల మీద కూర్చొని టకటకా తీశాడు. "పడిందక్కా, కొమ్ముల కాణ్ణుంచి తోక దాకా." తీరా ఫిల్ము వెనక్కి చుట్టబోతే పిడి వదులుగా తిరిగింది. పొద్దున సంబరంలో ఫిల్ము కొసను చక్రానికి తగిలించడం మరిచాడు. ఫిల్ము ముందుకు కదలనే లేదు, ఒక్క బొమ్మా పడలేదు.

"నా ఎద్దు పరుగు గాలికి పోయిందేమిరా?" అంది కెంపమ్మ. అతను అప్పటికే తువ్వాలు నీడలో ఫిల్ము తగిలిస్తున్నాడు. "యాడికి పోతాదక్కా, ఫిల్ము రోలంతా అట్లే ఉండాది. రెండో సుట్టుకు ఎద్దును ఇడవమను" అంటూ మళ్లీ దారి మధ్యకు పరుగెత్తాడు.