ఏ దమ్ము వచ్చింది?

చికున్‌గున్యా వచ్చి పోయింది గాని, పోతూ పోతూ నా చేతుల్లోని పట్టును కూడా మూటగట్టుకుపోయింది. పాతబస్తీ గౌలిపురలో మా ఇంటి వెనక కొట్టంలో రెండు బర్రెలున్నాయి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వీటి తల్లులనూ, తర్వాత వీటినీ పితికింది నేనే. జ్వరం తగ్గాక కొట్టంలో కూర్చుంటే వేళ్లు ముడుచుకోలేదు. బకెట్ అడుగు కూడా తడవలేదు. ఆ రోజు నుంచి మా కోడలు పితుకుతోంది. పుట్టింట్లో బర్రె మొహం చూడని పిల్ల, బాగానే నేర్చుకుంది. అందరూ మెచ్చుకున్నారు. కడుపు రగులుతున్నా నేనూ మెచ్చుకున్నాను.

నా పని నాకు కావాలి, అంతే. డాక్టరు కసరత్తు మంచిదన్నాడు. మా అబ్బాయి తను వెళ్లే జిమ్ములోని ట్రైనరును ఇంటికి పిలిచాడు. అతనిది ఉర్దూ, నాది తెలుగు. ఇద్దరికీ రెండూ వచ్చుననే ధైర్యం. మొదట్లో నాకంతా అయోమయమే. కుర్చీలోంచి లేవమంటాడు, లేస్తే కూర్చోమంటాడు. తడి తువ్వాలు పిండమంటాడు, పిండగానే మళ్లీ నీళ్లలో ముంచుతాడు. ఉతికిన బట్టలు బకెట్ నిండా ఉంటే ఈ ఉత్తుత్తి పిండుడేమిటని నవ్వూ కోపమూ కలిసి వచ్చేవి. వేళ్లు బాగుచేయమంటే నడుము వంచుతాడు. అదేమని అడిగితే, పట్టు వేళ్లలో పుట్టదని, భుజం నుంచి, నడుము నుంచి రావాలని చెప్పాడు. అర్థమైనట్టు తలూపాను.

బరువులు ఎత్తించిన ప్రతిసారీ ఒకటే మాట అడిగేవాడు.

"దమ్ ఆయా, అమ్మా?"

"మస్తు వచ్చింది బేటా."

అతను మురిసిపోయి ఇంకాస్త బరువున్న డంబెల్ చేతిలో పెట్టేవాడు. మా ఇళ్లలో దమ్ము వచ్చిందంటే ఆయాసం వచ్చిందని. మా అత్తగారు పోయింది దమ్ము రోగంతోనే. ఊపిరాడటం లేదని నేను మొత్తుకుంటుంటే ఇతను బరువు పెంచుతాడేమిటి, నామీద ఏం పగ అనుకున్నాను. ఒకరోజు నేలమీద చతికిలబడి, దమ్ము వస్తోందంటే వినబడదా అని కసిరాను. అతను తెల్లబోయి మా కోడలి వైపు చూశాడు. ఆమె విడమరిచి చెప్పేసరికి రెండు చెవులూ పట్టుకున్నాడు. అతని దమ్ అంటే బలమట. ఇన్నాళ్లూ రొప్పుతూ బలమొచ్చింది, బలమొచ్చింది అని నేనే చెబుతూ వచ్చానన్నమాట.

బరువు తగ్గించాడు గాని నా తికమక తగ్గలేదు. గుండె దడదడలాడితే అది ఏ దమ్మో నాకే తెలిసేది కాదు. పొద్దున లేస్తే భుజాలు పీకేవి. అది మంచి నొప్పి అనేవాడు. నొప్పిలో మంచీ చెడ్డా ఉంటాయని యాభై దాటాక విన్నాను. అయితే మెల్లగా పచ్చడి సీసా మూత తిరగసాగింది. లాడ్ బజార్‌లో గాజులమ్మే ఆయన నా చెయ్యి నొక్కి చూసి, జ్వరం తెచ్చిన వాపు దిగిందని పాత కొలత గాజులే ఎక్కించాడు.

చివరికి ఒక సాయంత్రం కొట్టంలోకి వెళ్లి కోడలిని పక్కకు జరగమన్నాను. దూడను కాసేపు తాగనిచ్చి లాగి కట్టాను. కూర్చుంటే మోకాళ్లు మొరాయించలేదు. వేళ్లు ముడుచుకున్నాయి, పట్టు దొరికింది. బర్రె మాత్రం పాలు చేపలేదు. పొదుగు నిమిరాను, గోరువెచ్చని నీళ్లతో కడిగి మళ్లీ నిమిరాను. అది తోక విసురుతూ పక్కకు జరిగింది గాని పాలు వదల్లేదు. నా చేతుల్లో పుట్టిన బర్రె అది.

"నా చెయ్యి అలవాటైంది దానికి, అత్తమ్మా," అంది కోడలు నెమ్మదిగా. "కోపం జెయ్యకుర్రి."

ఎవరి మీద చేయను కోపం? జ్వరం మీదా, బర్రె మీదా, ఈ పిల్ల మీదా? లేచి చోటిచ్చాను. ఆమె చెయ్యి తగిలిన కాసేపటికే పొదుగులోకి పాలు దిగాయి. బకెట్ నురగలతో నిండింది. ఆమె ఎత్తబోతే నేనే అందుకున్నాను. బకెట్ ఒక్క చేత్తోనే లేచింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న బలం ఈమె పితికిన పాలు మోయడానికేనా అని కొట్టంలోనే నిలబడి ఏడ్చాను.